వంపు తిరిగిన చూరు: గౌడదేశంలో ఆరు రోజులు

మొదటి రోజు, కోల్‌కతా

ఒకప్పుడు గౌడదేశమనిపించుకున్న బెంగాల్‌లో రాజవంశాల ఆనవాళ్లు చూడడానికి వెళ్తున్నామని చెప్పగానే ఇంట్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, అక్కడ చూడదగ్గ కోటలేమున్నాయని. గోల్కొండనూ కొండవీటినీ కొలతగా పెట్టుకున్నవాళ్లకు ఆ సందేహం రావడం సహజమే. నాతో వచ్చిన మా బావగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. చరిత్ర నా సరదా అయితే ఇటుకా సున్నమూ ఆయన సరదా. ఈ యాత్రలో నా పుస్తకాల కంటే ఆయన చూపే ఎక్కువ ఉపయోగపడింది.

చౌరంగీలోని ఇండియన్ మ్యూజియంలో మేము ప్రధానంగా వెతికినవి రెండే రాళ్లు. మొదటిది మహాస్థాన్ శాసనం. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న మహాస్థాన్‌గఢ్‌లో 1931లో దొరికిన చిన్న రాతిముక్క అది. అందులో మౌర్యుల కాలపు బ్రాహ్మీ లిపిలో ఏడు పంక్తులు ఉన్నాయి. పుండ్రనగరంలోని (మహాస్థాన్‌గఢ్ పాత పేరు) మహామాత్రునికి, అంటే పై అధికారికి, పంపిన ఆజ్ఞ అది: కష్టకాలంలో ఉన్న ప్రజలకు ధాన్యమూ ధనమూ ఇవ్వాలి, మంచి రోజులు వచ్చాక వాటితో ధాన్యాగారాన్నీ కోశాగారాన్నీ తిరిగి నింపాలి. బెంగాల్ నేల మీద మనకు తెలిసిన మొట్టమొదటి రాజశాసనం విజయాన్నో దండయాత్రనో చెప్పకుండా అప్పుగా ఇచ్చిన వడ్ల లెక్క చెప్పడం నాకు చాలా నచ్చింది.

రెండవది బుద్ధగుప్తుడనే మహానావికుడు సుమారు అయిదో శతాబ్దంలో వేయించిన రాయి. దొరికింది మలయా ద్వీపకల్పంలో. అందులో అతడు తనను రక్తమృత్తికా వాసినని చెప్పుకున్నాడు. ఓడ ఎక్కి అంత దూరం పోయినవాడు కూడా ఊరి పేరు మరవలేదు. ఆ రక్తమృత్తిక ఎక్కడిదన్న దానికి పండితులు ఎక్కువగా చూపించేది ముర్షిదాబాద్ జిల్లాలోని ఊరినే. మూడో రోజున మేము వెళ్లవలసింది అక్కడికే.

రెండో రోజు, నదియా

సియాల్దాలో తెల్లవారుజామున రైలెక్కి కృష్ణానగర్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో మాయాపూర్ పక్కనున్న బామున్‌పుకూర్ చేరాము. భక్తులంతా మాయాపూర్ ఆలయం వైపు మళ్లుతుంటే మేమిద్దరమే బల్లాల్ ఢిపి అనే దిబ్బ దగ్గర దిగాము. గడ్డి మొలిచిన పెద్ద దిబ్బ, దానిని 1980లలో పురావస్తు శాఖవారు తవ్వగా బయటపడ్డ ఇటుక కట్టడం, నాలుగు మేకలు, ఒక కాపలాదారు. ఇక్కడ చూడడానికి ఉన్నది ఇంతే.

దిబ్బకు పేరిచ్చిన బల్లాలసేనుడు పన్నెండో శతాబ్దపు సేనరాజు. సేనులు తమను కర్ణాట క్షత్రియులమని శాసనాలలో స్వయంగా చెప్పుకున్నారు. అంటే బెంగాలీ సమాజంలో కులీన వ్యవస్థకు (కొన్ని కుటుంబాలకు పై హోదా ఇచ్చే పద్ధతికి) ఆద్యుడిగా సంప్రదాయం చెప్పే రాజు దక్షిణాది నుంచి వలసపోయిన వంశంవాడు. అతని కుమారుడు లక్ష్మణసేనుడి ఆస్థానంలోనే జయదేవుడు ఉన్నాడు. మన భజన గోష్ఠులలో, కూచిపూడి అరంగుల మీద ఇప్పటికీ వినిపించే అష్టపదులు ఆ కొలువు నుంచి వచ్చినవే.

ఆ లక్ష్మణసేనుడి ముసలితనంలోనే 1204-05 ప్రాంతంలో తురుష్క సేనాని బఖ్తియార్ ఖల్జీ నదియా మీద పడ్డాడు. పద్దెనిమిది మంది గుర్రపు రౌతులతో గుర్రాల వర్తకుడిలా ఊళ్లోకి వచ్చాడనీ, భోజనానికి కూర్చున్న రాజు వట్టికాళ్లతో వెనుక ద్వారం గుండా వెళ్లిపోయాడనీ ఢిల్లీ చరిత్రకారుడు మిన్హాజ్ రాశాడు. ఆ సంఘటన జరిగిన నలభై ఏళ్ల తరువాత విన్న మాటల మీద ఆధారపడి రాసిన కథ అది. పద్దెనిమిది మంది రాజ్యాన్ని గెలిచారన్న మాటను నేను నమ్మను. ముందు వచ్చినవారు పద్దెనిమిది మందే అయినా వెనుక పెద్ద దండు ఉందని మిన్హాజే చెబుతున్నాడు. పైగా సేనుల పాలన ఆ రోజుతో అంతం కాలేదు. తూర్పున విక్రమపురం కేంద్రంగా లక్ష్మణసేనుడి కొడుకులు ఆ తరువాత కూడా పాలించారు.

రాత్రికి బహరంపూర్ చేరాము.

మూడో రోజు, కర్ణసువర్ణం

ఉదయం పొగమంచులో భాగీరథి వంతెన దాటి పశ్చిమానికి వెళ్లాము. దారి పొడుగునా ఆవాల పొలాలు పసుపు ఆరేసినట్టున్నాయి. గట్ల మీది ఈతచెట్లకు కుండలు కట్టి ఉన్నాయి. మన వైపు కల్లు కోసం గీసే చెట్టునే వీళ్లు చలికాలంలో బెల్లం కోసం గీస్తారు. తెల్లవారకముందే దించిన నీరా పొంగుతున్న పెనం దగ్గర ఆగి, ‘నొలెన్ గుడ్’ అని వాళ్లు పిలిచే ఆ బెల్లం పాకాన్ని ఆకులో వేయించుకుని తిన్నాము. గౌడ అన్న పేరే గుడం, అంటే బెల్లం, నుంచి వచ్చిందనే వాదం ఒకటి ఉంది. వేలు నాకుతున్న ఆ క్షణంలో నాకు వేరే రుజువు అవసరమనిపించలేదు.

మేము చేరిన ఊరి పేరు రాంగామాటి, అంటే బెంగాలీలో ఎర్రమట్టి. దానిని సంస్కృతం చేస్తే రక్తమృత్తిక. పేరులో ఉన్నదే కాలి కిందా ఉంది: చుట్టుపక్కల బూడిదరంగు ఒండ్రుమట్టి, ఇక్కడ మాత్రం ఎర్రని గట్టినేల. ఇక్కడి రాజబాడిడాంగా దిబ్బను 1962లో కలకత్తా విశ్వవిద్యాలయం వారు తవ్వినప్పుడు, రక్తమృత్తికా మహావిహారానికి చెందిన భిక్షుసంఘం పేరున్న మట్టి ముద్ర దొరికింది. గౌడరాజు శశాంకుడి రాజధాని కర్ణసువర్ణం ఎక్కడున్నదన్న పాత తగవు ఆ ముద్రతో తీరిపోయింది. చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ఈ విహారం కర్ణసువర్ణ నగరం పక్కనే ఉందని స్పష్టంగా రాశాడు మరి.

హ్యుయాన్‌త్సాంగ్ చెప్పిన కథ ఇంకొకటి ఉంది. దక్షిణాపథం నుంచి ఒక పండితుడు పొట్టకు రాగిరేకులు చుట్టుకుని, తల మీద వెలిగించిన కాగడా పెట్టుకుని ఈ నగరానికి వచ్చాడట. లోపలి విద్య ఎక్కువై పొట్ట పగిలిపోకుండా రేకులు, లోకంలోని అజ్ఞానపు చీకటి పోగొట్టడానికి కాగడా. అతనితో వాదించేవాడు ఊళ్లో దొరకక రాజు దిగులుపడితే, దక్షిణాది నుంచే వచ్చి అడవిలో తపస్సు చేసుకుంటున్న ఒక బౌద్ధ శ్రమణుడు అతనిని ఓడించాడట. ఆ సంతోషంతో రాజు కట్టించినదే ఈ విహారమట. “గొప్పలకు పోయినవాడూ మనవాడే, నోరు మూయించినవాడూ మనవాడే” అన్నారు బావగారు.

ఏడో శతాబ్దం తొలి భాగంలో గౌడాన్ని స్వతంత్ర రాజ్యంగా నిలబెట్టిన శశాంకుడిని శత్రుపక్షం రాతలలోనే మనం ఎక్కువగా చూస్తాము. హర్షుడి ఆస్థానకవి బాణుడు అతనిని గౌడాధముడన్నాడు. హర్షుడిని అభిమానించిన చైనా యాత్రికుడు అతనిని బౌద్ధద్వేషి అన్నాడు. శశాంకుడి వైపు నుంచి మాట్లాడేవి, నందిపై కూర్చున్న శివుడున్న బంగారు నాణేలు, కొన్ని రాగిరేకులు మాత్రమే. వాటిలో 619 నాటిది గంజాంలో దొరికింది. అక్కడి శైలోద్భవ వంశపు మాధవరాజు శశాంకుడిని మహారాజాధిరాజుగా పేర్కొన్నాడు. అంటే ఆ ఎర్రమట్టి దిబ్బ నుంచి సాగిన అధికారం మన శ్రీకాకుళం పొలిమేరల దాకా వచ్చిందన్నమాట.

మధ్యాహ్నం బస్సెక్కి, ఫరక్కా బ్యారేజీ మీదుగా గంగను దాటి, సాయంకాలానికి మాల్దా చేరాము. బ్యారేజీ మీద బస్సు నెమ్మదించినప్పుడల్లా బావగారు కిటికీలోంచి గేట్లు లెక్కపెడుతూ నన్ను పలకరించడం మానేశారు.

నాలుగో రోజు, జగజ్జీవన్‌పూర్

పాలవంశం గురించి ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ముందు కనిపించేది మాత్స్యన్యాయం అన్న మాట. శశాంకుడి తరువాత నూరేళ్లు బెంగాల్‌లో పెద్ద చేప చిన్న చేపను మింగింది. ఆ అరాచకాన్ని పోగొట్టడానికి ప్రకృతులు, అంటే ప్రజలో ప్రముఖులో, సుమారు 750లో గోపాలుడి చేత రాజ్యలక్ష్మి చేయి పట్టించారని అతని కొడుకు ధర్మపాలుడి ఖాలింపూర్ తామ్రశాసనం చెబుతుంది. ఆ రేకు దొరికింది ఈ మాల్దా జిల్లాలోనే. ఇక్కడి రైతుల నాగళ్లకు రాజుల పేర్లు తగులుతూనే ఉంటాయి.

అలా తగిలిన వాటిలో నాకు అన్నింటికంటే ఆశ్చర్యమనిపించే దాని కోసమే కారు మాట్లాడుకుని, హబీబ్‌పూర్ బ్లాకులో, సరిహద్దుకు దగ్గరగా ఉన్న జగజ్జీవన్‌పూర్ వెళ్లాము. 1987లో ఇక్కడ ఒక రైతు మట్టి తవ్వుతుంటే బరువైన రాగిరేకు బయటపడింది. పైన పాలుల ధర్మచక్ర ముద్ర, ముద్ర మీద శ్రీ మహేంద్రపాలదేవుడన్న పేరు. పాలరాజు దేవపాలుడి కొడుకైన ఇటువంటి రాజు ఉన్నాడని అప్పటి దాకా ఎవరికీ తెలియదు. బీహార్‌లోనూ బెంగాల్‌లోనూ మహేంద్రపాలుడి పేరుతో శాసనాలు అంతకుముందే దొరికినా, అవన్నీ కనౌజ్ ప్రతీహార మహేంద్రపాలుడివే అనుకున్నారు. అతడు పాలులను ఓడించి ఇంత తూర్పుకు వచ్చాడని పుస్తకాలలో అధ్యాయాలే రాశారు. ఒక్క రేకుతో ఆ దండయాత్ర చాలావరకు కరిగిపోయి, దాని స్థానంలో మరుగునపడ్డ పాలరాజు ఒకడు తేలాడు. చరిత్రకారుల మీద నాకు గౌరవం తగ్గలేదుగాని, పేరు ఒకటే అయినంత మాత్రాన మనిషి ఒకడే కాడని ఊళ్లో తపాలా బంట్రోతుకు తెలిసిన సంగతి వాళ్లకు తెలియడానికి ఇంత కాలం పట్టింది.

మహాసేనాపతి వజ్రదేవుడు కట్టించిన బౌద్ధవిహారానికి రాజు భూమి దానం చేసిన శాసనం అది. తులాభిటా అనే దిబ్బను తవ్వగా ఆ విహారమే దొరికింది: మధ్య ముంగిలి, చుట్టూ గదులు, మూలల్లో గుండ్రని బురుజులు. ఇటుక గోడలు మోకాలెత్తు, నడుమెత్తు వరకే మిగిలాయి. బావగారు ఒక గదిలో కూర్చుని, జేబులోంచి టేపు తీసి ఇటుకను కొలిచి, “ఇంత వెడల్పు ఇటుక ఇంత సమంగా కాల్చాలంటే బట్టీ మీద పట్టు ఉండాలయ్యా” అన్నారు. ఇక్కడి మట్టి ఫలకాలలో కొన్నింటినీ ఆ తామ్రశాసనాన్నీ మాల్దా మ్యూజియంలో భద్రపరిచారు.

తిరుగు ప్రయాణంలో పాలుల చివరి కథ చెప్పుకున్నాము. పదకొండో శతాబ్దంలో దివ్యుడనే కైవర్త నాయకుడు తిరుగుబాటు చేసి వరేంద్రిని, అంటే ఈ ప్రాంతాన్నే, రాజు నుంచి లాక్కున్నాడు. అతని సోదరుడి కొడుకు భీముడి కాలంలో పాలరాజు రామపాలుడు సామంతులను కూడగట్టి దానిని తిరిగి గెలిచాడు. ఈ కథను సంధ్యాకరనంది రామచరితమనే కావ్యంగా రాశాడు. ఒక్కో శ్లోకానికి ఇటు అయోధ్య రాముడి కథా, అటు రామపాలుడి కథా రెండూ వస్తాయి. సీత అంటే అక్కడ జానకి, ఇక్కడ పోగొట్టుకున్న నేల. రాఘవపాండవీయం చదివిన తెలుగువాడికి ద్వ్యర్థి కావ్యం కొత్త కాకపోయినా, పింగళి సూరనకు నాలుగు వందల ఏళ్ల ముందే కళ్లెదుటి రాజకీయాన్ని శ్లేషలో ఇమిడ్చిన ఈ కవి గడుసుతనానికి నమస్కరించవలసిందే.

అయిదో రోజు, పాండువా

మాల్దా నుంచి ఉత్తరంగా జాతీయ రహదారి మీద వెళ్తే రోడ్డు పక్కనే ఆదీనా మసీదు కనిపిస్తుంది. సిస్తాన్ నుంచి వచ్చిన ఇలియాస్ షా 1342లో లఖ్నౌతీ (గౌడ్) సింహాసనమెక్కి, పదేళ్లలో తూర్పున ఉన్న సోనార్‌గావ్‌ను కూడా కలుపుకున్నాడు. ఢిల్లీ చరిత్రకారుడు అతనిని షాహ్-ఎ-బంగాలా అన్నాడు. అంతకుముందు ఇది రాఢం, వరేంద్రి, వంగం, సమతటం. మొత్తం దేశానికి బంగాలా అన్న ఒకే పేరు నిలబడడం ఈ పరదేశి కాలం నుంచే.

ఆదీనాను అతని కొడుకు సికందర్ షా 1370లలో కట్టించాడు. సుమారు 500 అడుగుల పొడవున్న ఈ మసీదు ఆ కాలంలో ఉపఖండం మొత్తానికీ పెద్దది. ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్ దండయాత్రను తట్టుకుని నిలిచినవాడు, అరబ్బు పారసీక సుల్తానులలో తానే పరిపూర్ణుడినని శాసనం వేయించుకున్నవాడు ఇంత పెద్దది కట్టడంలో వింత లేదు. నడిమి శాల పైకప్పు ఏనాడో కూలింది. ఇప్పుడు లోపల నిలబడితే పైన ఆకాశం, కింద స్తంభాల మొదళ్లు కనిపిస్తాయి.

గోడ కింది భాగం నల్లరాయి, పైది ఇటుక. బెంగాల్ ఒండ్రునేలలో రాయి పుట్టదు. ఈ నల్లరాయి గంగ మీద పడవల్లో రాజమహల్ కొండల నుంచి రావలసిందే. అందువల్ల ఒకసారి వచ్చిన రాయిని ఎవరూ వదులుకోలేదు. గోడలో అక్కడక్కడ తామరపూల పట్టీలు, కీర్తిముఖాలు తలకిందులుగా, పక్కవాటుగా కనిపిస్తాయి. ఇవి పాల, సేన కాలపు గుడుల రాళ్లు. చూసేవారి మనసును బట్టి ఇందులో విధ్వంసం కనిపించవచ్చు, పొదుపు కనిపించవచ్చు. రెండూ ఉన్నాయని నేను అనుకుంటాను.

నేను ఎక్కువసేపు నిలబడినది మిహ్రాబుల దగ్గర, అంటే ప్రార్థన దిక్కు చూపే గోడ గూళ్ల దగ్గర. ప్రతి గూటి మధ్యలో పైనుంచి ఒక గొలుసు, దాని చివర వేలాడే దీపం రాతిలో చెక్కి ఉన్నాయి. దగ్గరకు వెళ్లి చూస్తే ఆ గొలుసు కొలికి మీద కొలికిగా ఉంది. పాలుల కాలపు స్తంభాల మీద ఇదే గొలుసుకు గంట వేలాడుతూ ఉంటుంది. గంట పోయి దీపం వచ్చింది, ఉలి పట్టిన చేయి మాత్రం మారలేదు.

దగ్గరలోనే కుతుబ్‌షాహీ మసీదు ఉంది. పేరు చూసి మనవాళ్లెవరైనా పొంగిపోకూడదు. 1582లో కట్టిన ఇది నూర్ కుతుబ్ ఆలం అనే సూఫీ పేరు మీద వెలిసింది, గోల్కొండ నవాబులకు దీనితో సంబంధం లేదు.

ఈ ఊళ్లో నాకు బాగా నచ్చింది ఏక్‌లాఖీ సమాధి. పదిహేనో శతాబ్దం మొదట్లో గణేశుడనే జమీందారు సుల్తానుల బలహీనత చూసి అధికారం చేజిక్కించుకున్నాడు. జౌన్‌పూర్ సైన్యం ముంచుకొచ్చినప్పుడు అతని కొడుకు జదు ఇస్లాం స్వీకరించి జలాలుద్దీన్ పేరుతో సుల్తానయ్యాడు. ఈ సమాధి అతనిదని, భార్య, కొడుకులతో కలిసి ఇక్కడే ఉన్నాడని చెబుతారు. లక్ష రూపాయలు ఖర్చయింది కాబట్టి ఆ పేరట. చతురస్రపు ఇటుక కట్టడం, మీద ఒకే గుమ్మటం. అయితే గోడ పైఅంచు తిన్నగా లేదు. మధ్యలో ఎత్తుగా ఉండి రెండు మూలలకూ వాలుగా వంగింది. బావగారు చూపుడువేలితో ఆ వంపును గాలిలో గీసి, “ఇది వెదురు వాసాల చూరయ్యా. వానలో నీళ్లు రెండు మూలలకూ జారిపోతాయి. పూరింటిని చూసి ఇటుకతో కట్టారు” అన్నారు. బెంగాల్ గుడిసెకు వెదురును వంచి కప్పు వేస్తారు. అరబ్బు దేశంలోగాని ఢిల్లీలోగాని లేని ఈ వంపు సుల్తాను సమాధిలో ముందు స్థిరపడి, ఆ తరువాత విష్ణుపురం మల్లరాజుల కాల్చిన మట్టి గుడులకూ ఎక్కింది.

ఆరో రోజు, గౌడ్

మాల్దాలో ఈ-రిక్షాను టోటో అంటారు. టోటో నడిపే కుర్రవాడు మమ్మల్ని “దాదా” అని పిలుస్తూ, మామిడి తోటల మధ్య నుంచి దక్షిణాన ఉన్న పాత రాజధాని గౌడ్‌కు తీసుకెళ్లాడు. ముందు రామ్‌కేలి. బెంగాల్ సుల్తాను హుసేన్ షా (1494–1519) కొలువులో పెద్ద ఉద్యోగాలు చేసిన రూప, సనాతన సోదరులను బెంగాలీ వైష్ణవ గురువు చైతన్యుడు ఇక్కడే కలిశాడు. ఆ అన్నదమ్ముల పూర్వీకులూ కర్ణాటకం నుంచి వచ్చినవారే. అంతకు కొన్నేళ్ల ముందే చైతన్యుడు మన గోదావరి ఒడ్డున రామానంద రాయలతో భక్తితత్త్వం ముచ్చటించాడు. కొవ్వూరు గోష్పాద రేవులో మునిగినప్పుడల్లా మా బావగారు ఆ సంగతి చెబుతుంటారు, ఇక్కడా చెప్పారు. కదంబ పువ్వులా చక్కెర పూసలద్దిన రసకదంబం తలా రెండు తిని బయలుదేరాము.

బారోదువారి అంటే పన్నెండు వాకిళ్లది, లెక్కపెడితే పదకొండే. హుసేన్ షా కొడుకు నుస్రత్ షా 1526లో దీనిని పూర్తిచేశాడు. దాఖిల్ దర్వాజా పలకల్లాంటి సన్న ఇటుకతో కట్టిన కోట వాకిలి. దాని సొరంగంలాంటి నడవలో మాట్లాడితే గొంతు బరువెక్కి తిరిగి వస్తుంది. హబ్షీ సుల్తాను ఫిరోజ్ షా పేరున్న మీనారు అయిదంతస్తులది. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవారు పదిహేనో శతాబ్దం చివర ఏడేళ్లు ఇక్కడ రాజ్యమేలారు.

ఇంత నగరం ఏమైంది? నది దూరం జరిగింది. 1575లో మహమ్మారి వచ్చి మొగలు సేనాని మునిమ్ ఖాన్‌తో సహా వేలాదిమందిని తీసుకుపోయింది. మిగిలినవారు ఊరు వదిలారు. ఆ తరువాత రెండు శతాబ్దాలు గౌడ్ ఇటుకల గనిగా మారింది. ఇక్కడి ఇటుకలూ రంగు పెంకులూ తవ్వుకున్నందుకు జమీందార్ల దగ్గర ‘కిమత్ ఖిష్త్ గౌర్’ అనే పేరుతో పన్ను కూడా వసూలు చేశారు. తోటల మధ్య కొన్ని ఇళ్ల పునాదులలో సన్న ఇటుకలు కనిపించినప్పుడు, బావగారు టోటో ఆపించి మరీ చూశారు.

కోత్వాలీ దర్వాజా దగ్గర దేశం అయిపోయింది. కూలిన ద్వారం పక్కన సరిహద్దు భద్రతా జవాన్లు, వాళ్ల వెనుక బంగ్లాదేశ్ వైపు వెళ్లే లారీల బారు. నగరంలోని మిగతా భాగం అటే ఉంది. ఇక్కడి నుంచి చూస్తే అటూ ఇటూ మామిడి చెట్లే. వెనక్కు తిరిగిన కాసేపటికే టోటో బ్యాటరీ అయిపోయింది. ముగ్గురం దిగి అర కిలోమీటరు తోసి, ఒక టీకొట్టులో గంటన్నర చార్జింగు పెట్టుకోవలసి వచ్చింది. ఆ ఆలస్యం వల్ల కదమ్ రసూల్ చేరేసరికి పొద్దు వాలిపోయింది.

ప్రవక్త పాదముద్ర కోసం నుస్రత్ షా 1530-31లో కట్టించిన మందిరమది. దాని ఆవరణలో ఔరంగజేబు సేనాని కొడుకు ఫతే ఖాన్ సమాధి ఉంది. మొగలుల సమాధి అనగానే గుమ్మటం తలచుకుంటాము. ఇక్కడ గుమ్మటం లేదు. రెండు వాలుల పూరిల్లు, నడికొప్పు వంగి, చూరు రెండు కొసలకూ దిగి, మొత్తం ఇటుకతో కట్టి పైన సున్నం పూసి ఉంది. చూరు కింద నిలబడితే తలెత్తకుండానే చేతికందేటంత ఎత్తు. బావగారు అరచేయి ఆనించి, సున్నం ఎక్కడ రాలిందో, లోపల ఇటుకల వరస ఎలా వంగిందో తడిమి చూస్తుంటే, కాపలాదారు గేటు వేసే వేళయిందని బయటి నుంచి పిలిచాడు. ఎదురింట్లో నిజం పూరికప్పు మీద నుంచి పొయ్యిపొగ లేస్తోంది. టోటో కుర్రవాడు దీపం వేసి, రైలు వేళకు అందిస్తానని హామీ ఇచ్చి, మమ్మల్ని ఎక్కించుకున్నాడు.